పుట్టగానే రిజిస్టర్లో పేరు

హైదరాబాదు నుంచి చెన్నై వైపు రైల్లో వెళ్ళేవాళ్ళకి బాపట్ల దాటాక, చీరాల రాకముందు ఒక చిన్న స్టేషను తగులుతుంది. స్టువార్టుపురం. ఆ బోర్డు కనబడగానే బోగీలో ఎవరో ఒకరు "సూట్‌కేసులు జాగ్రత్తండోయ్" అంటారు, మిగతావాళ్ళు నవ్వుతారు. ఆ ఊరి గురించి మనలో చాలామందికి తెలిసింది ఆ జోకు, ఓ రెండు మూడు సినిమాలు, అంతే. 1991 ఒక్క ఏడాదిలోనే ఆ ఊరి పేరు పెట్టుకుని రెండు సినిమాలొచ్చాయి. ఒకటి చిరంజీవిది, యండమూరి దర్శకత్వం. ఇంకోటి భానుచందర్‌ది. 2023లో రవితేజ 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. అన్నిట్లోనూ దొంగలూ పోలీసులే.

ఇంతకీ బాపట్ల పక్కన ఉన్న పల్లెటూరికి ఆ దొరగారి పేరేంటి? ఎప్పుడైనా ఆలోచించారా?

ఆ దొర హెరాల్డ్ స్టువార్ట్. మద్రాసు గవర్నర్ కౌన్సిల్లో సభ్యుడు. 1913-14 ప్రాంతంలో సర్కారు అక్కడ భూమి చూపించి, గ్రాంటు ఇచ్చి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకి ఒక పని అప్పజెప్పింది. ఎరుకల కుటుంబాల్ని పట్టుకొచ్చి అక్కడ పెట్టాలి, కాపలా కాయాలి, పని చేయించాలి, 'బాగు చెయ్యాలి'. అంటే ఎవరో వలసొచ్చి కట్టుకున్న ఊరు కాదది. చట్టం భాషలో దాని పేరు 'సెటిల్‌మెంటు'. పాసు లేకుండా పొలిమేర దాటితే నేరం. పెళ్ళాం పిల్లలతో సహా ఉండే జైలనుకోండి.

మాది క్రోసూరు. సత్తెనపల్లికి ఉత్తరాన, కృష్ణకి ఇవతల, పత్తీ మిరపా పండే ఊరు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టాక మేము పల్నాడు జిల్లాలోకి, స్టువార్టుపురం బాపట్ల జిల్లాలోకి వెళ్ళాం గానీ, అంతకుముందు రెండూ గుంటూరు జిల్లానే. మా సొంత జిల్లాలో ఇంత పెద్ద కథ జరిగితే పదో తరగతి దాకా చదివిన సోషల్ పుస్తకాల్లో ఒక్క పేరా లేదు. చదవడం మొదలుపెట్టాక ఇంకో సంగతి అర్థమైంది. ఈ కథ ఎవరు చెప్పినా మగవాళ్ళ కథగానే చెప్తారు. దొంగ మగాడు, పోలీసు మగాడు, సంస్కర్త మగాడు. కానీ ఆ చట్టం బరువు ఎక్కువ మోసింది ఆడవాళ్ళు. ఇది రాయడానికి కారణం అదీ.

*

ముందు చట్టం సంగతి చూద్దాం. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ వచ్చింది, మొదట ఉత్తరాదికి. మన మద్రాసు ప్రెసిడెన్సీకి 1911 చట్టంతో వచ్చింది. సర్కారుకి ఫలానా జాతి మొత్తం నేరాలకి అలవాటుపడిందని 'నమ్మకం' కుదిరితే చాలు, గెజిట్‌లో నోటిఫికేషన్ ఇస్తుంది. ఆ నోటిఫికేషన్ చెల్లుతుందా లేదా అని ఏ కోర్టూ అడగడానికి వీల్లేదు. ఆ తర్వాత జిల్లా మేజిస్ట్రేటు ఒక రిజిస్టరు తెరుస్తాడు. అందులో పేరెక్కినవాళ్ళు వేలిముద్రలివ్వాలి. చెప్పిన టైముకి వెళ్ళి హాజరు వేయించుకోవాలి. ఊరు మారితే చెప్పాలి. "నా పేరెందుకు రాశారు" అని అడగాలన్నా ఆ మేజిస్ట్రేటు దగ్గరకే వెళ్ళాలి. రాసిందీ ఆయనే, విచారించేదీ ఆయనే.

మన భాషలో చెప్పుకుందాం. ఒక టేబుల్ ఉంది. అందులో 'నేరస్థుడు' అని ఒక ఫీల్డు. మామూలుగా ఆ ఫీల్డు నింపాలంటే ముందు ఒక నేరం జరగాలి, కేసు నడవాలి, తీర్పు రావాలి. ఇక్కడ అవేవీ లేవు. డీఫాల్ట్ వాల్యూయే 'అవును'. తల్లీదండ్రీ రికార్డు నుంచి పిల్లల రికార్డుకి అదే ఇన్‌హెరిట్ అవుతుంది. అప్పీలు పెట్టుకుందామంటే అడ్మిన్ ఒక్కడే. ఇలాంటి డిజైన్ ఎవరైనా రివ్యూకి తెస్తే మీరు ఒప్పుకుంటారా? ఎనభై ఏళ్ళు నడిచింది.

శిక్షలు కూడా వేరే. నోటిఫై అయిన జాతివాడు కొన్ని రకాల నేరాల్లో రెండోసారి దొరికితే ఏడేళ్ళకి తక్కువ కాకుండా, మూడోసారైతే యావజ్జీవ ప్రవాసం. అదే నేరం మీరో నేనో చేస్తే మామూలు శిక్ష. పుట్టుకని బట్టి శిక్ష వేసేది మనుస్మృతి ఒక్కటే అనుకుంటాం. విక్టోరియా రాణి సర్కారు కూడా ఆ పని చేసింది, అదీ ఆధునిక చట్టం అన్న పేరుతో.

దీన్ని తెచ్చినవాళ్ళ వాదన వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఈ దేశంలో వృత్తులు కులాన్ని బట్టి వస్తాయి కదా, వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టు దొంగ కొడుకు దొంగ అవుతాడు, దొంగతనం కూడా ఒక కులవృత్తే అని. సరే, ఎరుకలవాళ్ళలో శాఖల పేర్లు చూద్దాం. ఉప్పు ఎరుకల, ఉప్పు మోసి అమ్మేవాళ్ళు. దబ్బ ఎరుకల, వెదురు దబ్బలతో బుట్టలల్లేవాళ్ళు. కుంచె ఎరుకల, నేతగాళ్ళకి కుంచెలు కట్టేవాళ్ళు. కరివేపాకు ఎరుకల, ఆ ఆకు తిప్పి అమ్మేవాళ్ళు. పరికముగ్గుల ఎరుకల, సోదె చెప్పేవాళ్ళు. పేర్లన్నీ పనుల పేర్లే. వాటిల్లో దొంగతనం ఎక్కడుంది?

మరి ఉన్న పనులు ఏమయ్యాయి? ఇక్కడే అసలు చరిత్ర ఉంది. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో 'డిసానర్డ్ బై హిస్టరీ' అనే పుస్తకం ప్రచురించారు. మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు తిరగేసి, ముఖ్యంగా ఎరుకల వాళ్ళ గురించి, స్టువార్టుపురం గురించి రాసిన పుస్తకం. ఆవిడ చెప్పేది క్లుప్తంగా ఇది. ఎరుకలవాళ్ళు కోస్తాలో ఉప్పు తీసుకుని గాడిదల మీదా ఎద్దుల మీదా లోపలి ఊళ్ళకి తెచ్చి, ధాన్యానికో చింతపండుకో మార్చుకునేవాళ్ళు. రోడ్డు లేని ఊళ్ళకి సరుకు చేర్చే సప్లై చైన్ వాళ్ళే. మద్రాసు ప్రెసిడెన్సీలో 19వ శతాబ్దం మొదట్లోనే కంపెనీ ఉప్పుని గుత్తకి తీసుకుంది. తర్వాత రోడ్లొచ్చాయి, రైళ్ళొచ్చాయి. అడవి చట్టాలొచ్చి వెదురు కొట్టడం, పశువుల్ని మేపడం కష్టమైంది. 1876-78 కరువు ఉన్నదంతా ఊడ్చేసింది. రెండు తరాల్లో వ్యాపారం పోయింది, తిరగడం మాత్రం మిగిలింది. సరుకు లేకుండా తిరిగేవాడు సర్కారు కంటికి దొంగలా కనబడ్డాడు.

మా పల్నాడులో ఊరూరా ఉన్న సుగాలీల కథ కూడా ఇంతే. ఒకప్పుడు వేల ఎద్దుల మీద సైన్యాలకి ధాన్యం మోసినవాళ్ళు. రైలు రావడంతో వాళ్ళ పనీ పోయింది.

దొంగతనాలు అసలు జరగలేదని నేననడం లేదు. పని పోయినవాళ్ళలో కొందరు దొంగతనాలు చేశారు, తర్వాత ముఠాలూ తయారయ్యాయి. చేసినవాణ్ణి పట్టుకుని కేసు పెట్టడానికి మామూలు చట్టం ఉంది కదా! చెయ్యనివాణ్ణీ, వాడి భార్యనీ, ఇంకా పుట్టని పిల్లనీ కలిపి రాసుకోవడానికే ఈ రెండో చట్టం కావాల్సొచ్చింది.

*

ఇప్పుడు ఆడవాళ్ళ సంగతి. సోదె చెప్పే ఎరుకలసాని మీకు గుర్తుండే ఉంటుంది. చంకలో బుట్ట, చేతిలో కర్ర. బుట్టలు అమ్మినా, చేటలు అమ్మినా, సోదె చెప్పినా ఆవిడ పని నడకతోనే. రోజుకి రెండు మూడు ఊళ్ళు తిరిగితేనే సాయంత్రానికి గింజలు. ఎరుకల కుటుంబంలో ఆడమనిషి సంపాదన పక్కాదాయం కాదు, చాలా ఇళ్ళల్లో అదే ఆధారం.

అలాంటి మనిషికి "పాసు లేకుండా ఊరు దాటకూడదు" అంటే ఏమవుతుంది? మగవాడి కూలి పోతే ఇంకో కూలి దొరకొచ్చు. ఈవిడకి మాత్రం చేతిలో ఉన్న పనే నేరమైంది. సొంత సంపాదన, సొంత బేరం, ఊరూరా తెలిసిన ముఖాలు, ఇవన్నీ ఒక్క నోటిఫికేషన్‌తో పోయాయి. సెటిల్‌మెంటులోకి వచ్చాక ఆవిడ ఎవరో ఒక మేనేజరు చూపించిన పనికి, ఆయన చెప్పిన కూలికి వెళ్ళాలి. స్వతంత్రంగా బతికిన మనిషిని కూలిమనిషిగా మార్చి దానికి 'సంస్కరణ' అని పేరు పెట్టారు.

రెండో సంగతి, నడత గురించి రాసిన రాతలు. ముల్లాలీ అనే పోలీసు అధికారి 1892లో, థర్‌స్టన్ 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కులాల గురించి పెద్ద పుస్తకాలు వేశారు. ఎరుకల, కొరవ ఆడవాళ్ళ గురించి వాటిల్లో ఒక మాట కనబడుతుంది. మొగుడు జైలుకెళ్తే భార్య అదే కులంలో ఇంకో మగవాడి ఆసరాలో ఉంటుందనీ, అతను తిరిగొస్తే మళ్ళీ అతని దగ్గరకి వెళ్ళిపోతుందనీ, మధ్యలో పుట్టిన పిల్లల్ని కూడా అతనే పెంచుకుంటాడనీ. నీతిలేనితనానికి ఉదాహరణగా దీన్ని ఎత్తి చూపించారు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ మొగుణ్ణి జైల్లో పెట్టిందెవరు? రెండో తప్పుకే ఏడేళ్ళు వేసే చట్టం రాసిందెవరు? ఏడేళ్ళపాటు ఆవిడ పిల్లల్ని ఏం పెట్టి పెంచాలి? కులం ఆవిణ్ణి వెలివెయ్యలేదు, తిరిగొచ్చిన మొగుడు తన్ని తరిమెయ్యలేదు, పిల్లల్ని 'ఎవడి పిల్లలు' అని అడగలేదు. అదే ఏళ్ళల్లో వీరేశలింగం గారు మన 'మర్యాదస్తుల' ఇళ్ళల్లో పదేళ్ళ వితంతువులకి మళ్ళీ పెళ్ళి చెయ్యడానికి ఎన్ని తిట్లు తిన్నారో మనకి తెలుసు. ఎవరి నీతి గొప్పదో మీరే చెప్పండి.

ఓలి విషయంలోనూ అంతే. ఎరుకలవాళ్ళలో పెళ్ళికొడుకు వైపువాళ్ళు పెళ్ళికూతురు వైపుకి ఓలి ఇవ్వాలి. మిషనరీలకీ అధికారులకీ ఇది 'ఆడదాన్ని అమ్మడం'గా కనబడింది. అలాగని ఓలి మహా గొప్ప ఆచారమని నేననను. అందులోనూ బేరం తండ్రీ మేనమామలదే, పిల్ల ఇష్టం ఎవరడిగారు? కానీ పిల్ల వైపు నుంచి లక్షలు గుంజే కట్నం నాగరికతగానూ, పిల్ల కష్టానికి విలువ కట్టే ఓలి అనాగరికంగానూ లెక్కకెక్కడం మాత్రం విచిత్రం. మా వైపు ఈ రోజుకీ ఇంజనీరు అబ్బాయికి ఒక రేటు, అమెరికా అబ్బాయికి ఇంకో రేటు నడుస్తూనే ఉన్నాయి. వాళ్ళని ఏ రిజిస్టర్లోనూ రాయలేదు.

మూడోది పిల్లల సంగతి. ఈ చట్టంలో అన్నిటికంటే కష్టమైన భాగం నాకిదే. నోటిఫై అయిన జాతుల పిల్లల్ని, ఆరేళ్ళు దాటి పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళని, తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే స్కూళ్ళలో పెట్టే అధికారం సర్కారుకి ఇచ్చింది. పిల్లలు తల్లి ఒళ్ళో ఉంటే నేరం నేర్చుకుంటారట! అంటే తల్లే నేరానికి మొదటి బడి అన్నమాట. ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లల్ని ఎత్తుకెళ్ళినందుకు ఆ దేశ ప్రధాని కెవిన్ రడ్ 2008లో పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పాడు. మన దగ్గర ఆ అధికారం చట్టంలో ఉండేదన్న సంగతే చాలామందికి తెలీదు.

*

ఇక పని. స్టువార్టుపురానికి దగ్గర్లోనే చీరాల. అక్కడ ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ, మనవాళ్ళు ఐఎల్‌టీడీ అనే పొగాకు కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. గుంటూరు జిల్లా నల్లరేగడి మీద వర్జీనియా పొగాకు పండించి విదేశాలకి పంపే వ్యాపారం అప్పుడే ఊపందుకుంటోంది. ఆకు ఏరడం, ఈనె తీయడం, గ్రేడు చెయ్యడం, ఇదంతా చేతిపని, వాటిల్లో ఎక్కువ ఆడవాళ్ళ పని. సెటిల్‌మెంటు జనం ఈ ఫ్యాక్టరీకి కూలీలయ్యారు. సీతానగరం సెటిల్‌మెంటువాళ్ళు రాతి క్వారీల్లో పనిచేశారు.

కంపెనీవాడి వైపు నుంచి చూస్తే ఇంతకంటే సుఖం ఏముంది? మానేసి పోలేని కూలీలు. ఇంకో ఊళ్ళో నాలుగణాలు ఎక్కువిస్తున్నారని వెళ్ళలేరు, పాసు కావాలి. సమ్మె చేస్తే పోలీసు రికార్డు. పనికి రాకపోతే మేనేజరుకి జవాబు చెప్పాలి. సర్కారుకి శాంతిభద్రతలు, మిషన్‌కి ఆత్మలు, కంపెనీకి కూలీలు, ముగ్గురికీ ఒకే ఏర్పాటు పనికొచ్చింది. మీనా రాధాకృష్ణ పుస్తకంలో నన్ను బాగా ఆలోచింపజేసింది ఈ ముగ్గురి పొత్తే. ఇందులో చెడ్డవాళ్ళు ఎవరూ ఉండక్కర్లేదు. సాల్వేషన్ ఆర్మీని మన దేశానికి తెచ్చిన బూత్-టక్కర్ ఐసీఎస్ ఉద్యోగం వదులుకుని, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకుని, కాషాయం కట్టి, చెప్పుల్లేకుండా తిరిగిన మనిషి. మంచి చేస్తున్నాననే నమ్మి ఉంటాడు. సంస్థ మంచివాళ్ళతోనే నడుస్తుంది, లోపలున్న మనిషికి బయటికి దారి మాత్రం ఉండదు.

అదే రోజుల్లో చుట్టూ ఏం జరుగుతోందో కూడా చూడండి. 1921లో చీరాల-పేరాల జనం మునిసిపాలిటీ పన్నుకి ఎదురుతిరిగి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊరికి ఊరే ఖాళీ చేసి బయట రామనగర్ కట్టుకుని నెలల తరబడి ఉన్నారు. అదే సమయంలో మా పల్నాడులో పుల్లరి కట్టమని అడవి సత్యాగ్రహం, 1922లో కన్నెగంటి హనుమంతు కాల్పుల్లో చనిపోవడం. రెండూ మనకి పాఠాల్లో ఉన్నాయి, ఉండాలి కూడా. చీరాల జనం ఊరు విడిచి వెళ్ళడమే తమ నిరసన అనుకున్నారు. పక్కనే స్టువార్టుపురం జనానికి ఊరు విడిచి వెళ్ళడమే నేరం. ఒకే తాలూకా గాలి పీల్చేవాళ్ళకి రెండు రకాల చట్టాలు.

ఈ ఆడవాళ్ళు ఏమనుకున్నారో మనకెలా తెలుస్తుంది? నిజం చెప్పాలంటే చాలా తక్కువ తెలుస్తుంది. ఫైళ్ళన్నీ మేనేజరు రాసినవి, పోలీసు రాసినవి, కలెక్టరు రాసినవి. ఎరుకల భాష కుర్రుకి లిపి లేదు. అందుకని ఇలాంటి పరిశోధన చేసేవాళ్ళు ఫైళ్ళని తిరగేసి చదవాలి. "ఆడవాళ్ళు పనికి రావడానికి మొండికేస్తున్నారు" అని ఒక రిపోర్టులో ఉందనుకోండి. అంటే వాళ్ళు ఎదురుతిరిగారన్నమాట. "పాసు లేకుండా బయట దొరికింది" అంటే, ఆవిడకి ఎక్కడికో వెళ్ళాల్సిన అవసరం ఉందన్నమాట, బహుశా కూతురి కాన్పుకో, బుట్టలమ్ముకోడానికో. లాగ్‌లో ఎర్రర్ లైన్లు మాత్రమే మిగిలినప్పుడు ప్రోగ్రాం ఏం చెయ్యబోయిందో వాటినిబట్టే ఊహించాలి కదా, అలాగన్నమాట.

నాకు తెలిసిన సాక్ష్యం ఒకటి చిన్నది ఉంది. మా చిన్నప్పుడు చేటలు అమ్మడానికొచ్చే ఎరుకల ముసలమ్మ మా నాయనమ్మ కంటే పదేళ్ళయినా పెద్దది. నాయనమ్మ ఆవిణ్ణి "ఏమే, ఈ తడవ చేటలు వదులుగా ఉన్నయ్యే?" అనేది. ఆవిడ "లేదు అమ్మగోరూ, గట్టిగనే అల్లినా" అనేది. డెబ్బై దాటిన మనిషి 'ఏమే', అరవై ఏళ్ళ మనిషి 'అమ్మగోరు'. ఆ ముసలమ్మ అటు వెళ్ళగానే పెరట్లో చెంబులు లెక్కపెట్టడం కూడా ఉండేది. చట్టం రద్దయి అప్పటికి ముప్పై ఏళ్ళు దాటింది. మా ఇంట్లో మాత్రం ఇంకా అమల్లోనే ఉంది.

*

జాతుల గురించే చెప్పుకొచ్చాను గానీ, 1871 చట్టం పూర్తి పేరులో రెండు ముక్కలున్నాయి. ఒకటి క్రిమినల్ ట్రైబ్స్. రెండోది యూనక్స్, అంటే హిజ్రాలు. వాళ్ళకీ ఒక రిజిస్టరు. ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనబడినా, పాడినా ఆడినా వారంటు లేకుండా అరెస్టు, రెండేళ్ళ దాకా జైలు. మైనరు పిల్లలకి గార్డియన్‌గా ఉండకూడదు, దత్తత తీసుకోకూడదు, వీలునామా రాయకూడదు. ఆ భాగం 1911 చట్టంలో లేదు గానీ, దాని నీడ మన హైదరాబాదు మీద పడింది. 1919లో, అంటే ఫసలీ 1329లో, నిజాం సర్కారు అలాంటిదే ఒక యూనక్స్ చట్టం చేసింది.

ఆ చట్టం ఎప్పుడు పోయిందో తెలుసా? 2023 జూలైలో! గచ్చిబౌలీ, హైటెక్ సిటీ, ప్రైడ్ పరేడ్‌లు, కంపెనీల్లో డైవర్సిటీ ట్రైనింగులు, అన్నీ వచ్చాక కూడా చట్టం పుస్తకంలో ఆ రిజిస్టరు అలాగే ఉంది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు 2018లో వేసిన పిల్ మీద తెలంగాణ హైకోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. సమానత్వానికీ, గౌరవంగా బతికే హక్కుకీ విరుద్ధమంది. నూట నాలుగేళ్ళు! పాత కోడ్ డిలీట్ చెయ్యకుండా వదిలేస్తే ఎప్పుడో ఎవడో దాన్ని కాల్ చేస్తాడు అని మనం జూనియర్లకి చెప్తాం. చట్టాలకీ అదే వర్తిస్తుంది.

క్రిమినల్ ట్రైబ్స్ చట్టం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. డీనోటిఫైడ్ జాతులవాళ్ళు ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఐదేళ్ళకి గానీ వీళ్ళకి రాలేదు. అదీ సగమే. 1948లో మద్రాసులో హేబిచువల్ అఫెండర్స్ చట్టం వచ్చింది, 1962లో ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి చేసింది. కాగితం మీద తేడా ఉంది, అది ఒప్పుకోవాలి. కొత్తది పుట్టుకని కాకుండా శిక్షపడ్డ వ్యక్తిని చూస్తుంది. కానీ స్టేషన్లో ఉన్న పాత రిజిస్టరు, పాత పేర్లు, పాత అనుమానం ఎక్కడికి పోతాయి? ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ 2007లో ఈ చట్టాల్ని రద్దుచెయ్యమని మన దేశానికి చెప్పింది. 2008లో రెంకే కమిషన్, పదేళ్ళ తర్వాత ఇదాతే కమిషన్ రిపోర్టులిచ్చాయి. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్యా శాంత కేసులో జైలు మాన్యువళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచే నియమాల్ని కొట్టేసింది. ఆ కేసులో బయటపడిన ఒక బెంగాల్ నియమం చూడండి. సంచార జాతులకి పారిపోయే గుణం సహజంగానే ఉంటుంది కాబట్టి వాళ్ళని ఖైదీల మీద ఓవర్సీరుగా పెట్టకూడదట. 1871 నాటి వాక్యం 2024 దాకా రూల్ పుస్తకంలో బతికే ఉంది.

స్టువార్టుపురంలో బయటివాళ్ళు మంచి మనసుతో చేసిన పని గురించి కూడా చెప్పాలి. 1970ల మధ్యలో అక్కడ పనిచేసిన హేమలతా లవణం మా పల్నాటి బిడ్డే, వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా గారి కూతురు. గోరా గారి కొడుకు లవణాన్ని 1960లో పెళ్ళి చేసుకున్నారు. దొంగలతో మాట్లాడి, దారి మార్పించి, వాళ్ళ పిల్లల చదువుల కోసం తిరిగారు. ఆ తర్వాత నిజామాబాదు జిల్లాలో జోగినీల మధ్య పనిచేశారు. 1988లో దేవదాసీ నిషేధ చట్టం రావడం వెనక ఆ కృషి ఉంది. 2008లో పోయారు.

ఒకే మనిషి ఈ రెండు చోట్లకీ వెళ్ళడం నాకు యాదృచ్ఛికం అనిపించదు. దళిత ఇంట్లో పుట్టిన ఆడపిల్లని ఐదారేళ్ళప్పుడే ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చేసి, ఇక జీవితాంతం ఊరి మగవాళ్ళది అనడం కూడా రిజిస్టర్లో పేరెక్కించడమే. అక్కడ రిజిస్టరు సర్కారుది, ఇక్కడ ఊరిది. రెండిట్లోనూ ఆ పిల్ల ఏం చేసింది అని ఎవరూ అడగలేదు, ఎవరికి పుట్టింది అనే అడిగారు. జాషువా గారు జీవితమంతా పోట్లాడింది కూడా ఆ ప్రశ్నతోనే కదా!

కాకపోతే 'సంస్కరణ' అనే మాటతో నాకొక పేచీ ఉంది. సంస్కరణ అంటే వాళ్ళలో లోపం ఉంది, బాగుచేస్తున్నాం అని. అన్యాయం జరిగింది సర్దుబాటు చేస్తున్నాం అని కాదు. స్టువార్టుపురానికి నూరేళ్ళుగా సంస్కర్తలు వచ్చారు. క్షమాపణ చెప్పినవాళ్ళు రాలేదు. ఎన్ని ఏళ్ళ కూలి బకాయి, ఎంతమంది తల్లుల దగ్గర్నుంచి పిల్లల్ని లాగారు, ఆ లెక్క తీస్తామని ఏ ప్రభుత్వమూ కమిటీ వెయ్యలేదు.

*

ఇదంతా సాఫ్ట్‌వేర్ వాళ్ళకెందుకు అంటారా? వేలిముద్రల వర్గీకరణ పద్ధతుల్లో ఒకటి తయారైంది మన దేశంలోనే. 1897లో కలకత్తాలో బ్యూరో పెట్టారు. ఎడ్వర్డ్ హెన్రీ పేరు మీద చెలామణి అవుతున్న ఆ పద్ధతి వెనక లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్ళు. ఆ టెక్నాలజీకి దొరికిన యూజర్లలో నోటిఫైడ్ జాతులవాళ్ళు కూడా ఉన్నారు, బలవంతపు యూజర్లు. మనుషుల్ని గుర్తుపట్టే యంత్రం ఏది తయారైనా ముందు కాదనలేని వాళ్ళ మీదే ప్రయోగిస్తారు.

ఇప్పుడు మనం రాస్తున్నవి ఏంటి? ముఖాన్ని బట్టి గుర్తుపట్టే సిస్టములు, ఎక్కడ నేరం జరగొచ్చో ముందే చెప్పే మోడళ్ళు, అప్పు ఎగ్గొట్టేవాణ్ణి పేరూ పిన్‌కోడూ బట్టి అంచనా వేసే స్కోర్లు. వాటికి మేతగా పెట్టే డేటా ఎక్కడిది? పోలీసు రికార్డుల నుంచి వస్తే, ఆ రికార్డుల్లో ఏ కులంవాళ్ళ పేర్లు ఎక్కువ? ఎక్కువసార్లు అనుమానించారు కాబట్టి ఎక్కువసార్లు పట్టుకున్నారు, ఎక్కువసార్లు పట్టుకున్నారు కాబట్టి ఎక్కువ ఎంట్రీలు. మోడల్‌కి ఈ కథ తెలీదు. అది ఎంట్రీలు మాత్రమే చూస్తుంది, కులం కాలమ్ తీసేసినా ఊరి పేరులోంచి, ఇంటి పేరులోంచి మళ్ళీ కనిపెట్టేస్తుంది. స్టువార్టుపురం అని అడ్రసు రాసినవాడికి లోన్ రిజెక్ట్ అయితే, రిజెక్ట్ చేసింది ఎవరు? 1911 నాటి కలెక్టరా, మనం రాసిన కోడా?

మనలో చాలామంది ఉద్యోగంలో చేరేటప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అయింది. ఎవరో మన అడ్రసుకొచ్చి పక్కింటివాళ్ళని అడుగుతారు. వారం రోజులు ఆలస్యమైతే మనం హెచ్ఆర్‌కి కోపంగా మెయిల్ కొడతాం, నేనేమన్నా దొంగనా అని. మన తాత ముత్తాతల్ని ఎవరూ ఆ మాట అనలేదు కాబట్టి మనకి కోపం తెచ్చుకునే ధైర్యం ఉంది. ఎరుకల ఇంటి నుంచి మొదటిసారి ఇంజనీరింగు చదివొచ్చిన అమ్మాయి అదే వెరిఫికేషన్‌కి ఎలా ఎదురుచూస్తుందో ఊహించండి. ఆ అమ్మాయి మీ టీంలోనే ఉండొచ్చు. ఆఫీసు టూర్‌కి వెళ్ళేటప్పుడు మీ బండి ఆ స్టేషను దాటుతుంటే, సూట్‌కేసుల జోకు వేసే ముందు ఈ సంగతి ఒకసారి గుర్తుచేసుకోండి. ఇంకెవరైనా వేస్తే, ఆ ఊరికి ఆ పేరెలా వచ్చిందో చెప్పండి. చీరాల వచ్చేలోపు చెప్పేయొచ్చు.